నేల తొక్కని కారు

నేను కొన్న కారు ఎర్రది. మామూలు ఎరుపు కాదు. మా ఊరు బేరిగైలో, మా పొలంలో టమోటా పగలబోయే ముందు రోజు ఏ రంగుకొస్తుందో, ఆ ఎరుపు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగుళూరులో ఒక కంప్యూటర్ ఉద్యోగి వాడి వదిలేసిన దాన్ని కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, జరిగినదాంట్లో కంపెనీ తప్పు ఆవగింజంత కూడా లేదు. చిన్న ఒళ్లు, పెద్ద ఇంజను, డిక్కీ మీద ఒక రెక్క.

"ఈ రెక్క యేంటికి?" అని మా ఆవిడ అడిగింది.

వేగంగా పోయేటప్పుడు కారు గాలిలోకి లేవకుండా ఆ రెక్క నేలకు అదిమిపెడుతుందని చెప్పాను.

"లేచేంత వేగంగా నువ్వు యాడికి పోతావు? ఫ్యాక్టరీకే గదా?" అంది.

ఫ్యాక్టరీకే. హోసూరు పారిశ్రామికవాడలో ఉద్యోగం, ఆ పక్కనే మూకండపల్లిలో అద్దె ఇల్లు. గేరు మార్చేలోపల గేటు వచ్చేస్తుంది. అయినా ఆ కారులో కూర్చున్నప్పుడు నా నడుము సన్నబడేది, జుట్టు మొలిచేది. అద్దంలో చూసుకుంటే మాత్రం రెండూ జరిగుండేవి కావు.

చిక్కేమిటంటే, మాది ఉమ్మడి కుటుంబం. బేరిగైలో భూమి ఒకటే, కొట్టం ఒకటే, పెత్తనం ఒకరిదే. ఆ ఒకరు మా పెదనాయన. మా నాయన పోయాక నన్ను పెంచింది ఆయనే. ఆయన మాటను కోర్టు తీర్పుతో పోల్చడం ఆయన్ను తగ్గించడమే. కోర్టు తీర్పు మీద అప్పీలు ఉంటుంది.

కారును ఆయనకు చూపించడానికి తీసుకుపోయిన రోజు, దాని చుట్టూ ఎద్దును బేరమాడేవాడిలా తిరిగాడు. నోరు తెరిచి పళ్లు చూసే అవకాశం లేదు కాబట్టి డిక్కీ తెరిచి చూశాడు. లోపల జానలు వేసి కొలిచాడు.

"టమోటా బాక్సులు యెన్ని పట్తాయిరా దీంట్ల?"

"ఇది స్పోర్ట్స్ కారు పెదనాయనా. బాక్సులకు కాదు. స్పీడుగా పోతాది."

"టమోటా కూడా స్పీడుగానే పోవాల గదరా రాయకోట మండీకి? లేటైతే యెవురు అడగతారు?"

ఆయన డిక్కీ మూసి, భుజం మీది తువ్వాలు దులిపి తీర్పు చెప్పాడు.

"ఇంటికి ఒగ బండి చాలు. నాకు టెంపో కావాల. అయితే నువ్వు ఆశపడి తెచ్చుకొన్నావు, నేనేల కాదనాల? తమ్ముని పెండ్లి వస్తా ఉండాది. పెండ్లికొడుకుని దీంట్లనే క్రిష్ణగిరికి పిలుచుకొని పోదాం. పదిమందిలో పరువుగా నడిచిందా, ఉంచుకో. లేదా, దీన్ని ఇచ్చేసి టెంపో తెచ్చేస్తాం. సరేనా?"

తమ్ముడంటే ఆయన కొడుకే. పెళ్లికూతురిది క్రిష్ణగిరి, పెళ్లి అక్కడి కల్యాణ మంటపంలో. అంటే నా కారు బతుకుతుందా, టెంపోకు బలవుతుందా అన్నది ఆ ఒక్క ప్రయాణంలో తేలిపోవాలి.

బుద్ధి ఉన్నవాడైతే ఏం చేస్తాడు? కారును కడిగి, గాలి పట్టించి, దేవుడికి దండం పెట్టి ఊరుకుంటాడు. కానీ నాకప్పటికే ఒక జబ్బు పట్టుకుంది. బాగున్న కారును ఇంకా బాగు చేయాలనే జబ్బు. ఇంగ్లీషు కార్ల పత్రిక ఒకటి తెప్పించుకుని, ఆఫీసు ఫైలు మధ్యలో పెట్టుకుని చదివేవాడిని. నా చేతిలో ఉన్న బోనస్ ఒక్క మార్పుకు మాత్రమే సరిపోతుంది. ఆ ఒక్కటి ఏది? మనిషి పెళ్లి సంబంధానికి కూడా అంత ఆలోచించడు. నేనైతే ఆలోచించలేదు, మా ఆవిడ సాక్షి.

గుంటూరు వైపు నుంచి వచ్చి మా ఫ్యాక్టరీలో చేరిన మిత్రుడొకడు నాకు సలహాదారు. ఆయనకు కారు లేదు. అందుకే కార్ల గురించి ఆయన అభిప్రాయాలకు అరుగుదల ఉండేది కాదు.

"ముందు సైలెన్సర్ మార్చాలి గురూ," అన్నాడు. "కారు సందు మలుపులో ఉండగానే దాని సౌండు ఇంటికి చేరాలి. మనవాడు వస్తున్నాడని అన్నం వడ్డించేయాలి."

"గాలి ఫిల్టరు మారిస్తేనో?"

"మార్చు. కానీ బానెట్టు ఎత్తి చూపిస్తే గానీ ఎవడికీ తెలీదు. పెళ్లిలో బానెట్టు ఎత్తుకుని తిరుగుతావా?"

మా ఆవిడను అడిగాను.

"ముందు ఆ యెనక కిటికీ అద్దం పైకి వచ్చేట్ల చేయించు."

"అది పర్ఫార్మెన్స్ కాదు."

"వానలో తడిసేది నేను గదా. నాకు అదే పర్ఫార్మెన్సు."

పెళ్లికొడుకును అడిగాను. వాడు ఇంజను గురించి ఒక్క మాట అడగలేదు. "అన్నా, ముందు సీటు ఇంగా కొంచెం ముందుకు జరుగుతాదా?" అన్నాడు. వాడి బాధ వాడిది. మా తమ్ముడు చిన్నప్పటి నుంచి పుష్టిగా ఉంటాడు. మండీలో తూకం రాళ్లు కనపడకపోతే వీడిని కూర్చోబెడతారని ఊళ్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనేనని వాడికి ఇప్పటికీ తెలియదు.

చివరికి పత్రిక చెప్పిన మాటే విన్నాను. ముందు టైర్లు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాతే బలం అని అందులో రాశారు. నేలను పట్టుకోవడం రాని కారుకు ఎంత బలమిచ్చినా దండగేనట. ఎంత చక్కటి మాట! టైర్లు మారుద్దామని గట్టిగా నిశ్చయించుకున్నాను. నా జీవితంలో నేను అంత స్పష్టంగా తీసుకున్న నిర్ణయం ఇంకొకటి లేదు. అది సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

హోసూరు బస్టాండు వెనక ఒక మెకానిక్ ఉండేవాడు. వెల్డింగ్ చేసేటప్పుడు కూడా రంగు కళ్లద్దాలే పెట్టుకునేవాడు, వెల్డింగ్ అయిపోయాక కూడా తీసేవాడు కాదు. ఇంట్లో తెలుగు, గిరాకీతో అరవం, ఇంజనుతో కన్నడం మాట్లాడతాడని అతనికి పేరు. నేను టైర్లు అనగానే, నేనేదో చనిపోయినవాళ్ల గురించి చెప్పినట్టు నాలుక చప్పరించాడు.

"టైర్లు యెవురు చూస్తారు సార్? కారు చుమ్మా ఊరికే నిలబడినా చూసినోడు పక్కకు జరగాల. పులి దూకే ముందు యేం చేస్తాది? వంగుతాది. వంగినాకనే గదా దూకేది? మీ కారు చూడండి, పాలు పిండేదానికి నిలబడిన ఆవు మాదిరి ఉండాది."

చూశాను. అప్పటిదాకా పులిలా కనిపించిన కారు, ఆ క్షణం నుంచి ఆవులాగే కనపడసాగింది. మాట మహిమ అలాంటిది.

"అయినా నాకు టైర్లే కావాలప్పా."

"సరే సార్. మీరు పోయి టీ తాగి రాండి. చూస్తాం."

చూస్తాం అన్నాడు కదా అని టీకి పోయాను. తిరిగి వచ్చేసరికి నాలుగు స్ప్రింగులూ నేల మీద ఉన్నాయి. వాటి చివరి చుట్లు కోసేసి పక్కన పెట్టి ఉన్నాయి, క్షవరం అయ్యాక పడి ఉండే జుట్టులాగా.

"నేను టైర్లు అన్నాను కదా?"

"స్ప్రింగు తగ్గితే టైరు తనంతట తానే పెద్దగా కనపడతాది సార్. ఒగే దెబ్బకు రెండు పన్లు."

"మళ్లీ అతికించొచ్చా?"

కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి నన్ను జాలిగా చూశాడు. "గుండు కొట్టుకొని కొండ దిగినాక జుట్టు అతికిస్తారా సార్?"

కోసిన ముక్కలను న్యూస్‌పేపర్‌లో చుట్టి ప్రసాదంలా నా చేతికిచ్చాడు. రెండు చేతులతో అందుకున్నాను. అంతకంటే నేను చేయగలిగింది ఏముంది?

అయితే నిజం చెప్పాలి. కారు వంగింది. వంగి, అందంగా తయారైంది. పారిశ్రామికవాడలో లారీల కోసం వేసిన వెడల్పాటి రోడ్ల మీద దాన్ని తిప్పితే, మలుపుల్లో ఒరగడం మానేసి పట్టాల మీద రైల్లా పోయింది. రోడ్డు మీద ఎవరైనా వక్క నమిలి ఉమ్మితే, ఆ వక్క ఏ ఊరిదో నా నడుముకు తెలిసేది. మా ఆవిడ ఒకసారి కూర్చుని చూసి, "అన్ని కార్లల్లో యెక్కి కూర్చోవాల. దీంట్లకు దిగి కూర్చోవాల, బయటికి యెక్కి రావాల. బాయి మాదిరి ఉండాది," అంది. ఇద్దరం కూర్చున్నా నేలకు తగల్లేదు. మా ఇద్దరి బరువుతో చూసి, పరీక్ష అయిపోయిందనుకున్నాను.

పెళ్లినాడు హైవే దగ్గరని అందరూ బేరిగై నుంచి ముందే మా మూకండపల్లి ఇంటికి వచ్చేశారు. తమ్ముడికి మంగళ స్నానం చేయించి, బాసికం కట్టి, పెళ్లికొడుకును చేశారు. మా పెద్దమ్మ వాడి కాళ్లకు పసుపు రాసి, మా ఇళ్లలో ఉన్న కట్టడి అందరికీ వినపడేట్టు చెప్పింది.

"ఇంగ ఈ కాళ్లు మట్టి తొక్కగూడదు. ఆడ పెండ్లికూతురి వాళ్లు కడిగినాకనే నేల మింద పెట్టేది. తెలిసిందా?"

గడప నుంచి కారు దాకా చాపలు పరిచి నడిపించారు. నేను టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను. వాడు వెనక సీటులో కూర్చున్నాడు. కారు నిట్టూర్చింది. అలంకారంగా అనడం లేదు, నిజంగానే ఒక శబ్దం వచ్చింది. వెనక భాగం చక్రాల మీద కూర్చుండిపోయింది, ముందు భాగం ఆకాశం వైపు చూసి ఏదో మొక్కుకుంది. మిగిలిన సందులో మా ఆవిడ ఇరుక్కుంది. ముందు సీటులో పెదనాయన. మా వెనక బాడుగ టెంపోలో మా బంధుబలగం, ఏడాది పొడుగునా రాయకోట మండీలో బాక్సులు ఎత్తి దించే మనుషులు.

హైవే మీద ఆ కారు ఏం పోయిందనుకున్నారు! శూలగిరి దగ్గర రోడ్డు కొండల మధ్య మెలికలు తిరిగినప్పుడు ఒక్క మెలికలోనూ ఒరగలేదు. బరువుకు ఇంకా కిందికి దిగి నేలకు అతుక్కుపోయింది. పత్రికవాళ్లు ఉండుంటే ముఖచిత్రం వేసుండేవాళ్లు. పెదనాయన తలుపు పిడిని పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలి, తువ్వాలు సర్దుకుని అన్నాడు.

"బాగనే పోతాదే!"

నా చెవులను నేను నమ్మలేదు. ఆయన నా పదో తరగతి మార్కులకు కూడా అంత మాట అనలేదు. కారు దక్కిందనుకున్నాను. వచ్చే బోనస్‌కు సైలెన్సర్ కూడా మార్చేద్దామని మనసులో అనేసుకున్నాను.

క్రిష్ణగిరిలో హైవే దిగి, కల్యాణ మంటపం ఉన్న వీధిలోకి తిప్పాను. అక్కడ ఆగిపోయింది నా పెదవి మీది నవ్వు.

ఆ వీధిలో లారీలు జోరుగా పోతున్నాయని, ఒక ఇంటివాళ్లు తమ వాకిటి ముందు సొంతంగా ఒక స్పీడు బ్రేకరు వేసుకున్నారట. పక్కింటివాళ్ల పరువు ఏం కావాలి? వాళ్లు అంతకంటే ఎత్తుగా వేసుకున్నారు. ఎదురింటివాళ్లకు ఇద్దరు కొడుకులు, వేరు కాపురాలు, కాబట్టి రెండు. ఆ విధంగా ఆ వీధి నాగలి దున్నిన చేనులా ఉంది.

మొదటిదాని మీదికి మెల్లగా, కాళ్లకు దండం పెట్టినంత మెల్లగా ఎక్కించాను. ముందు చక్రాలు దాటాయి. ఆ తర్వాత కడుపులోంచి గర్రుమని ఒక శబ్దం. కారు స్పీడు బ్రేకరు మీద బోర్లా పడుకుంది. ఎక్సిలేటరు తొక్కితే చక్రాలు ఊరికే తిరిగాయి. పిల్లలు ఆడే ఎత్తుపల్లాల బల్ల మాదిరి ముందుకొకసారి, వెనక్కొకసారి ఊగింది.

మా ఆవిడ దిగింది. పెదనాయన దిగాడు. నేను దిగాను. కారు అంగుళం కూడా లేవలేదు. లోపల అసలు బరువు కదలకుండా కూర్చునే ఉంది.

"తమ్ముడా, కొంచెం దిగప్పా," అన్నాను.

"రేయ్!" పెదనాయన అరుపుకు మేడల మీద పావురాలు లేచాయి. "వాడు దిగగూడదు. కాళ్లు యెట్ల నేల మింద పెట్తాడు?"

"అయితే వాణ్ణి యెత్తుకొని పోదాం," అన్నాను.

టెంపో దిగి వచ్చిన మండీ మనుషుల్లో పెద్దవాడు లోపలికి తొంగి చూశాడు. తమ్ముడు వాడిని చూసి మర్యాదగా నవ్వాడు. ఆ పెద్దమనిషి వెనక్కి వచ్చి, తన వృత్తి మీద ఒట్టు వేస్తున్నట్టు చెప్పాడు.

"ఒట్టి మనిషిని యెత్తేది కష్టమప్పా. యాడ పట్టుకొనేది? కారుతో యెత్తేది సుళువు. పట్టుకొనేదానికి చోట్లు ఉండాయి."

ఎవరూ కాదనలేకపోయారు. పంచెలు ఎగగట్టారు. నలుపక్కలా చేతులు పడ్డాయి. "ఆ పక్క తగ్గగూడదు, పట్టూ!" అని ఒక కేక. నా ఎర్ర కారు నేల వదిలి లేచింది. రెక్క ఏమాత్రం అడ్డుపడలేదు.

స్పీడు బ్రేకరు దాటించి దించబోయారు. ఎదురుగా ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి.

"దించి యెత్తేది రెండు పన్లు. ఇట్లనే పోదాం," అన్నాడు పెద్దవాడు.

అలాగే పోయారు. నేను పక్కన నడిచాను. పెదనాయన ముందు నడిచాడు, వెనక్కి తిరగలేదు. ఆ నడకలో నాకు టెంపో హారను వినిపించింది. కారు తలుపు మీద చెయ్యి వేసి, ఎవరికీ తెలియకుండా ఒకసారి నిమిరాను. లోపల్నుంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"అన్నా, ఇప్పుడు కుదుపే లేదు. ఏం చేసినావు?"

ఇంతలో మంటపం నుంచి మేళగాళ్లు ఎదురొచ్చారు. కారు నడిచి వస్తుందనుకున్నవాళ్లు, తేలి వస్తున్న కారును చూసి ప్రాణం పెట్టి వాయించారు. వీధి వీధంతా మిద్దెలెక్కింది. పెళ్లికూతురి మేనమామ, తెల్ల మీసాల పెద్దాయన, చేతులు జోడించి ముందుకొచ్చి నోరు తెరిచాడు.

"ఏమప్పా బావా, ఇది యేం ఆచారం? మేము చూడనే లేదే?"

పెదనాయన ఒక్కసారి కారును చూశాడు. ఒక్కసారి నన్ను చూశాడు. ఆ చూపులో మా వంశం పరువంతా వేలాడింది. గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్ల ఇట్లనేప్పా. పెండ్లికొడుకు నేల మింద రాడు. బండితో సహా యెత్తుకొని వస్తాం. మా తాత కాలం నుంచి."

"తాత కాలంలో కారు యాడిది బావా?"

"అప్పుడు యెద్దుల బండి యెత్తుతా ఉండిరి."

"యెద్దులతోనా?"

"యెద్దులు నడస్తాయి గదా. వాటిని యెత్తేదేల?"

పెద్దాయన మీసం మీద చెయ్యి వేసుకుని తల ఊపాడు. "మర్యాద అంటే ఇది," అని తన వాళ్లకు చెప్పి, తన మనుషులను కూడా భుజం పట్టమన్నాడు. పెదనాయన నావైపు తిరిగాడు.

"నువ్వేల నడస్తా ఉండావు? యెక్కు. సారథి నేల మింద ఉంటాడా?"

ఎక్కాను. రెండు ఇళ్ల మనుషులూ కలిసి లేపారు. నా కాళ్ల కింద క్లచ్చు, బ్రేకు, ఎక్సిలేటరు, అన్నీ ఉన్నాయి. దేనితోనూ పని లేదు. ఇంజను ఆపేసి ఉంది. మంటపం గుమ్మం మెల్లగా దగ్గరికి వస్తుంటే, అలవాటు కొద్దీ స్టీరింగు కుడివైపు తిప్పాను. కారు ఎడమవైపు పోయింది. మోసేవాళ్లకు ఆ పక్క నీడ ఉంది.

భోజనాలయ్యాక పెదనాయన చెయ్యి కడుక్కుంటుంటే చెంబుతో నీళ్లు పోశాను.

"పెదనాయనా, మరి బండి..."

"యెట్ల ఇస్తాంరా? నలుగురిలో చెప్పేసినాను గదా, ఆచారమని. ఇంగ దాన్ని అమ్మేది లేదు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే స్ప్రింగులు మార్పించి కొంచెం యెత్తు చేయించేదా?"

"ముట్టుకొంటే చూడు! యెత్తుగా ఉంటే అది తనంతట తానే పోతాది. యెత్తేదానికి కారణం వద్దా?"

బేరిగై దారిలో గుంతలు ఉన్నాయని, కారును టెంపో మీద ఎక్కించి ఊరికి తీసుకుపోయారు. ఆ టెంపో పనితనం చూసి పెదనాయన ఆ తర్వాత అలాంటిదే ఒకటి కొన్నాడు. కొట్టాన్ని పొడిగించారు. టెంపో రోజూ రాయకోటకు పోతుంది. కారుకు గోనెపట్టా కప్పారు. డిక్కీ మీది రెక్క కింద ఒక కోడి పొదిగింది. నేను ఆదివారాలు మూకండపల్లి నుంచి బస్సులో పోయి, ఇంజను వేసి, నిలబడిన చోటే కాసేపు రెయిజు చేసి, మళ్లీ బస్సెక్కి వచ్చేవాడిని. "ఈ పొద్దు యాడిదాకా పోయినావు?" అని అడిగేది మా ఆవిడ.

తర్వాత మా చిన్నాయన కొడుక్కి పెళ్లి కుదిరింది. మళ్లీ క్రిష్ణగిరే. ఈసారి మంటపం కొత్తగా కట్టింది, హైవే పక్కనే. మైదానం లాంటి రోడ్డు, ఎక్కడా ఒక్క స్పీడు బ్రేకరు లేదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు ఆకలి లేదు. ఈసారి నా కారు తన చక్రాల మీద తాను, నా కాళ్ల కింద, మంటపం గుమ్మం దాకా పోతుంది. టైర్లకు గాలి పట్టించాను. కోడిని బతిమాలి లేపాను.

పెళ్లి పొద్దున కారును క్రిష్ణగిరిలో టెంపో మీద నుంచి హైవే దగ్గర దింపించుకుని, దారి చూసుకుందామని మంటపం వైపు నడిచాను. గుమ్మం ముందర మట్టి కుప్పలు. పెదనాయన తువ్వాలు తలకు చుట్టుకుని, రోడ్డుకు అడ్డంగా మట్టి పోయిస్తున్నాడు. నన్ను చూసి కూడా చూడనట్టే కూలీలకు చెబుతున్నాడు.

"ఇంగా కొంచెం యెత్తుగా పొయ్యండప్పా. ఈసారి పెండ్లికొడుకు సన్నోడు, బరువు చాలదు."

నేను వెనక్కి పోయి, కారులోకి దిగి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.